ఐసీఎల్ ఎలాగూ తీసేయొచ్చు అంటున్నారు, మరి భయపడాల్సింది ఏముంది?

మీకు మైనస్ 9 పవర్, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పలచన, లేసిక్ (కార్నియాను లేజర్‌తో సరిచేసే ఆపరేషన్) కుదరదు కాబట్టి ఐసీఎల్ (పవర్ సరిచేయడానికి కంటి లోపల అమర్చే లెన్సు) సూచించారని, "కావాలంటే తీసేయొచ్చు" అన్నారని రాశారు. తీసేయొచ్చన్నది నిజమే. కానీ ఈలోగా కంటికి జరిగిన నష్టం లెన్సుతో పాటు బయటికి రాదు. కార్నియా లోపలి వైపు ఉండే ఎండోథీలియల్ కణాలు పోతే మళ్లీ పుట్టవు. సహజ లెన్సులో శుక్లం మొదలైతే ఐసీఎల్ తీసినంత మాత్రాన అది మాయమవదు.

చాలా సమస్యలకు మూలం సైజు. ఐసీఎల్ ఐరిస్ (కంట్లో రంగుగా కనిపించే భాగం) వెనక, సహజ లెన్సుకు ముందు కూర్చుంటుంది. రెండు లెన్సుల మధ్య ఖాళీని వాల్ట్ అంటారు. 250 నుంచి 750 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటే బాగున్నట్టు. మరీ తక్కువైతే సహజ లెన్సుకు తగులుతుంది, దాని ముందు ద్రవం సరిగా కదలదు, ముందు పొర కింద శుక్లం వస్తుంది. 1000 దాటితే ఐరిస్‌ను ముందుకు నెడుతుంది. ద్రవం బయటికి పోయే కోణం ఇరుకవుతుంది, ఐరిస్ వెనక నుంచి రాలిన రంగు కణాలు ఆ కోణంలో ద్రవాన్ని వడగట్టే జల్లెడలాంటి భాగంలో ఇరుక్కుంటాయి, కంటి ఒత్తిడి పెరుగుతుంది.

ఎక్కువగా వాడే లెన్సు 12.1, 12.6, 13.2, 13.7 మిల్లీమీటర్ల సైజుల్లోనే వస్తుంది. అది కూర్చునేది ఐరిస్ వెనక గాడిలో. చాలాచోట్ల కొలిచేది మాత్రం బయట కనిపించే కార్నియా అడ్డకొలత. ఈ రెండూ అందరిలో ఒకే లెక్కన ఉండవు కాబట్టి కొలత పక్కాగా తీసినా సైజు తప్పవచ్చు. అల్ట్రాసౌండ్‌తోనో ఓసీటీ (కాంతితో చేసే కంటి స్కాన్)తోనో లోపలి కొలత కూడా తీశారా అని అడగండి. ఒక్క యంత్రం రీడింగ్ చూసి లెన్సు ఆర్డరిచ్చే పద్ధతి నాకు నచ్చదు. వాల్ట్ ఎక్కువైనప్పుడు మామూలు లెన్సయితే అడ్డం నుంచి నిలువుకు తిప్పి కొంత తగ్గించవచ్చు; ఆ గాడి సాధారణంగా నిలువుగా కాస్త వెడల్పు. టోరిక్ (సిలిండర్ పవర్ కూడా సరిచేసే లెన్సు) అయితే ఆ దారి లేదు, మార్చాల్సిందే.

ఒత్తిడి ఎప్పుడు పెరిగిందో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది. మొదటి కొన్ని గంటల్లో అయితే ఆపరేషన్‌లో వాడిన జెల్ లోపల మిగిలిపోయి ఉండవచ్చు. లేదా లెన్సు మధ్యలోని 0.36 మిల్లీమీటర్ల రంధ్రం మూసుకుపోయి ద్రవం వెనకే ఆగిపోయి ఉండవచ్చు. (రంధ్రం లేని పాత రకాలకు ముందే లేజర్‌తో ఐరిస్‌కు రంధ్రం పెట్టేవారు.) రెండు మూడు వారాల తర్వాత పెరిగితే ముందు అనుమానించాల్సింది స్టెరాయిడ్ చుక్కలను. అందుకే ఆపరేషన్ రోజే, ఇంటికి పంపే ముందు ఒత్తిడి చూడాలి. ఆ రాత్రి కన్ను బాగా నొప్పి పెట్టి, తలనొప్పి, వాంతులు వస్తే కడుపు సమస్యనుకుని మాత్ర వేసుకుని పడుకోకండి, వెంటనే ఫోన్ చేయండి. ఒత్తిడి అలాగే ఉండిపోతే కంటి నరం దెబ్బతినవచ్చు, కొందరిలో కనుపాప పెద్దదై అలాగే నిలిచిపోతుంది.

ఇన్ఫెక్షన్ అరుదు, కానీ వస్తే గంటలు లెక్క. సాధారణంగా రెండో రోజు నుంచి వారంలోపు నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం కనిపిస్తాయి. మొదటి ఒకటి రెండు రోజుల్లోనే, పెద్దగా నొప్పి లేకుండా కార్నియా మొత్తం మసకబారితే అది పరికరాలు, ద్రవాల వల్ల వచ్చే విషప్రభావం కావచ్చు. దానికి స్టెరాయిడ్లే మందు. ఏది ఏదో ఇంట్లో తేల్చుకునే విషయం కాదు.

టోరిక్ లెన్సు 10 డిగ్రీలు తిరిగితే సిలిండర్ దిద్దుబాటులో మూడో వంతు పోతుంది, 30 తిరిగితే దాదాపు మొత్తం. రాత్రి దీపాల చుట్టూ వలయాలు చాలామందికి నెలల్లో అలవాటవుతాయి, అందరికీ కాదు.

ముందు గది (కార్నియాకు, సహజ లెన్సుకు మధ్య ఖాళీ) లోతు 2.8 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే ఐసీఎల్ వద్దనుకోండి. కొన్ని దేశాల్లో 3.0 అడుగుతారు. అద్దాలు పోయినా మైనస్ 9 కన్ను పొడవైన కన్నే, రెటీనా ఊడే ముప్పు అలాగే ఉంటుంది. మెరుపులు, కొత్త నల్లచుక్కలు, పక్క నుంచి తెరలా చీకటి కనిపిస్తే అదే రోజు వెళ్లండి. ఏటా ఒత్తిడి, వాల్ట్, ఎండోథీలియల్ కణాల సంఖ్య చూపించుకోండి. ఆపరేషన్‌కు ముందు తీసిన కణాల సంఖ్య, లెన్సు వివరాలుండే కార్డు రెండూ మీ దగ్గరే ఉంచుకోండి. ఆ మొదటి సంఖ్య లేకపోతే తర్వాత ఎంత తగ్గిందో చెప్పడం కుదరదు.