గాలి ఒకటే, ఉడుకు మాత్రం పైనే ఎందుకు?

ప్రశ్న: మా యూనివర్సిటీ బిల్డింగులో ఏసీ లేదు, ఉన్నవి ఫ్యాన్లూ కిటికీలే. మధ్యాహ్నం రెండు దాటితే పై అంతస్తు క్లాసులో కూర్చోలేకపోతున్నాం. థర్మామీటరు పెడితే కిందా పైనా 31 డిగ్రీలే చూపిస్తోంది. "రెండూ ఒకటేగా, అంతా మీ భ్రమ" అంటున్నారు. ఏం కొలిచి చూపించాలి?
- ఒక పీజీ విద్యార్థిని

జవాబు: భ్రమేం కాదమ్మా. మీ థర్మామీటరు గాలి వేడి చెబుతోంది అంతే, నెత్తి మీదున్న శ్లాబు సంగతి దానికి పట్టదు. పొద్దుటి నుంచి ఎండకు కాగిన శ్లాబు మధ్యాహ్నానికి ఆ సెగను మీ మీదికి వదులుతుంది. బెంచీ ఎక్కి (ముందు ఫ్యాను ఆపండి!) అరచెయ్యి పైకెత్తి చూడండి, ముట్టుకోకుండానే తెలిసిపోతుంది.

దీన్ని పట్టేది గ్లోబ్ థర్మామీటరు, అంటే నల్లటి బోలు బంతిలో పెట్టిన థర్మామీటరు. అసలైనది 15 సెంటీమీటర్ల రాగి గోళం, అది దొరక్కపోతే పింగ్‌పాంగ్ బంతికి మెరుపు లేని నల్లరంగు పూసి లోపల సెన్సరు దూర్చినా పని నడుస్తుంది. నేల నుంచి 0.6 మీటర్ల ఎత్తులో, అంటే కూర్చున్నవాళ్ల నడుము దగ్గర, ఓ 20 నిమిషాలు ఉంచండి. ఫ్యాను గాలికి బంతి చల్లబడి తక్కువ చూపిస్తుంది కాబట్టి గాలి వేగం కూడా రాసుకుంటేనే లెక్క సరిచెయ్యగలరు.

మాటకి, లెక్కంతా కట్టాక పైన గోడలూ కప్పుల సగటు వేడి 37 వచ్చిందనుకోండి. గాలి 31తో కలిపి సగటు తీస్తే 34, ఫ్యాను గాలి అందని చోట ఒంటికి తగిలే వేడి సుమారుగా అదే. ఇక హద్దు ఎంతంటారా? కిటికీలు తెరుచుకునే, ఏసీ లేని గదులకు ఆష్రే 55లో (అమెరికా ఏసీ ఇంజినీర్ల సంఘం గదుల సౌకర్యానికి పెట్టిన ప్రమాణం) ఒక సూత్రం ఉంది: బయటి సగటు ఉష్ణోగ్రతను 0.31తో గుణించి 17.8 కలపాలి. గత కొద్ది రోజుల సగటు 32 అయితే 27.7 వస్తుంది, దానికి 3.5 కలిపితే పైహద్దు 31.2. ఫ్యాను గాలి సెకనుకు 1.2 మీటర్ల వేగంతో తగిలితే ఇంకో 2.2 డిగ్రీలు సడలింపు ఇస్తారు, అక్కడ హద్దు 33.4. ఫ్యాను గాలి అందని చోట మాత్రం హద్దు 31.2యే, మీ 34 దాన్ని దాటేసింది.

అంకెలతో పాటు మనుషుల్నీ అడగండి. బాగా చలికి -3, బాగా వేడికి +3, మధ్యలో సున్నా. క్లాసులోకి వచ్చి కనీసం పావుగంట కూర్చున్నాకే అడగాలి, ఎండలోంచి వచ్చినవాడు వచ్చీరాగానే +3 కొట్టేస్తాడు. "ఇంకా చల్లగా కావాలా?" అని విడిగా అడగండి, ఎందుకంటే వేడికి అలవాటుపడ్డవాళ్లు "పర్లేదు" అంటూనే చల్లదనం కోరుకుంటారు. కింది క్లాసులోనూ అదే గంటలో ఇదంతా చెయ్యండి. ఫ్యాను గాలి అందని మూల బెంచీని మాత్రం వదలొద్దు.