‘విమర్శ’ అంటే సంతకం పెట్టనన్నారు

సందేహం: గాజువాక దగ్గర ఒక వర్క్‌షాపులో సిబ్బంది వ్యవహారాలు చూస్తాను. ఆరు నెలలకోసారి సూపర్‌వైజర్లు తమ కింద పనిచేసే ప్రతి ఒక్కరికీ ఫీడ్‌బ్యాక్ రాసి, ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. ఫారం ఇంగ్లీషులో ఉండేది. ఫిట్టర్లకు, వెల్డర్లకు అర్థం కావాలని నేను దాన్ని తెలుగు చేశాను. ఒక గడికి ‘నిర్మాణాత్మక విమర్శ’ అని పేరు పెట్టాను. ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఒక వెల్డర్ అది చూసి, “నన్ను విమర్శించేంత తప్పు నేనేటి చేశాను మేడమ్?” అని సంతకం పెట్టలేదు. ఇంకొకాయన పనిని మెచ్చుకుంటూ సూపర్‌వైజర్ ‘బాగానే ఉంది’ అని రాస్తే, ఆయనా నొచ్చుకున్నాడు. ఫీడ్‌బ్యాక్‌కు సరైన తెలుగు మాట ఏది? ఎక్కడ పొరపాటు జరిగింది?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ముందు ఆ వెల్డర్ గారి పక్షాన మాట్లాడతాను. ఆ మాటలో ఈ రోజు ఏ అర్థం ఉందో ఆయన దాన్నే విన్నారు.

‘మృశ్’ అనే సంస్కృత ధాతువుకు తాకడం, తడమడం అని అర్థం. దానికి ‘వి’ చేరి విమర్శ అయింది. అంటే ఒక విషయాన్ని అన్ని వైపులా తడిమి చూడటం, ఆలోచించడం. అదే ధాతువుకు ‘పరా’ చేరితే పరామర్శ. ఆసుపత్రిలో ఉన్నవాళ్లను, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లను వెళ్లి పలకరించడాన్ని మనం పరామర్శ అంటాం. హిందీలో అదే మాటకు సలహా, సంప్రదింపు అని అర్థం. ఒకే కడుపున పుట్టిన రెండు మాటల్లో ఒకటి మన దగ్గర ఓదార్పు వైపు వెళ్లింది, రెండోది తప్పు పట్టడం వైపు వెళ్లింది. సాహిత్యంలో మాత్రం విమర్శకు పాత గౌరవం చెక్కుచెదరలేదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయిన కట్టమంచి రామలింగారెడ్డి గారిని గొప్ప విమర్శకులని చెప్పుకుంటాం, అది ఆయనకు మనమిచ్చే గౌరవం. కానీ రోజూ పేపర్లో ‘విమర్శలు గుప్పించారు’, ‘ఘాటుగా విమర్శించారు’ అని చదివే మనిషి చేతికి ఆ మాట ఉన్న కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటే, నేరం ఒప్పుకోమన్నట్టే ఉంటుంది. ముందు ‘నిర్మాణాత్మక’ అని ఎంత మెత్తటి విశేషణం తగిలించినా, చెవిలో నిలిచేది వెనక వచ్చే నామవాచకమే.

ఇక ఫీడ్‌బ్యాక్ సంగతి. అది మనుషుల గురించి పుట్టిన మాట కాదు, విద్యుత్ పరికరాల నుంచి వచ్చింది. టెలిఫోన్ తీగల మీద దూరం వెళ్లే మాట చెదిరిపోకుండా ఉండటానికి 1927లో అమెరికాలో హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజినీరు ఒక ఉపాయం కనిపెట్టారు. సంకేతాన్ని పెంచే పరికరం, అంటే యాంప్లిఫైయర్ నుంచి బయటికి వచ్చే సంకేతంలో కొంత భాగాన్ని వ్యతిరేక దిశలో మళ్లీ లోపలికే పంపారు. దాని పేరు నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. యంత్రానికి నిలకడ ఇచ్చేది అదే. అదే దిశలో పంపితే పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. అది అదుపు తప్పితే ఏమవుతుందో పెళ్లి పందిట్లో మీరు వినే ఉంటారు. మైకు స్పీకరుకు ఎదురుగా వచ్చినప్పుడు చెవులు చిల్లులు పడేలా వచ్చే కీచుమనే మోత అదే. ఆఫీసుల్లోకి వచ్చేసరికి నెగెటివ్ అంటే తిట్టు, పాజిటివ్ అంటే పొగడ్త అని స్థిరపడ్డాయి. మీ వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్లు ఉంటే వాళ్లకు ఈ కథ చెప్పండి, చటుక్కున పట్టుకుంటారు.

ఇంగ్లీషు మాటలో ‘ఫీడ్’ ఉంది కాబట్టి మన బి.ఎడ్. పుస్తకాల్లో దీనికి ‘పరిపుష్టి’, ‘ప్రతిపుష్టి’ అనే మాటలు వాడారు. పాఠం చెప్పడం నేర్చుకునేవాళ్లకు అవి పారిభాషిక పదాలుగా చాలు. వర్క్‌షాపులో పుష్టి అంటే తిండి, ఒంట్లో బలం గుర్తొస్తాయి గాని, పని గురించి చెప్పే మాట గుర్తుకు రాదు. ‘అభిప్రాయం’ హోటల్లోనో బస్టాండులోనో కస్టమరు రాసి వెళ్లేదానికి సరిపోతుంది. ‘స్పందన’ అనకండి. 2019 నుంచి కొన్నేళ్లు కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే కార్యక్రమానికి ఆ పేరే ఉండేది. మన జిల్లాల్లో ఆ మాటకు ఇంకా ఫిర్యాదు వాసన పోలేదు. మాట్లాడేటప్పుడు ఫీడ్‌బ్యాక్ అనే అనండి. బస్సు, రైలు, వెల్డింగ్ లాగే అదీ తెలుగులో కుదురుకుంది. అందులో తప్పేమీ లేదు.

నన్నడిగితే, ఇక్కడ నామవాచకం కోసం వెతకడమే దారి తప్పడం. తెలుగులో ఈ సంగతి క్రియల్లో ఉంది.

చూడండి, మనవాళ్లు తిట్లు తింటారు, చీవాట్లు తింటారు, మాట పడతారు. పెళ్లిలో దీవెనగా తల మీద పడే అక్షింతలు ఆఫీసులో ‘పడ్డాయి’ అంటే మందలింపు. ఈ మాటలన్నిటిలోనూ ఎదుటివాడికి చేయడానికి పనేమీ లేదు, ఊరికే భరించాలి. ఇప్పుడు ‘దిద్దు’ అనే క్రియ తీసుకోండి. ముగ్గు దిద్దుతాం, బొట్టు దిద్దుతాం. మాస్టారు పరీక్ష పేపర్లు దిద్దుతారు. పలక మీద మాస్టారు రాసిచ్చిన అక్షరం మీదే బలపం తిప్పే పిల్లవాడూ అక్షరాలు దిద్దుతాడు. చెప్పేవాడికీ నేర్చుకునేవాడికీ ఒకే క్రియ! తప్పు చూపించడమూ దిద్దడమే, దాని మీద చెయ్యి తిప్పి నేర్చుకోవడమూ దిద్దడమే. ఎన్నేళ్లుగా భాష చెబుతున్నానో, ఈ ఒక్క మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. దానికి ‘కొను’ చేరి ‘దిద్దుకోవడం’ అయితే పని పూర్తిగా ఆ మనిషి చేతుల్లోకి వెళ్తుంది. మీ పక్కనే ఉన్న విజయనగరం నుంచి గురజాడ అప్పారావు గారు 1910లో తన కథకు ‘దిద్దుబాటు’ అని పేరు పెట్టారు. అందులో భార్య భర్తను మార్చడానికి తిట్టదు, కొట్టదు, పుట్టింటికి వెళ్లిపోతున్నానని ఉత్తరం రాసిపెట్టి, దిద్దుకునే పనిని ఆయనకే వదులుతుంది. ఇంకో చిన్న సంగతి: దిద్దుబాటు, పొరపాటు – రెండింటి చివరా ఉన్నది ‘పడు’ నుంచి వచ్చిన ‘పాటు’ అనే తోకే. తప్పుకూ దాని సవరణకూ భాష ఒకే అచ్చు వాడింది.

అయితే మీ గడి పేరు ‘దిద్దుకోవలసినవి’. దాని పక్క గడి ‘బాగా వచ్చినవి’. ఫారం పేరు ‘పని సమీక్ష’ అంటే చాలు. సమీక్ష అంటే చక్కగా చూడటం, ఆ మాటకు ఇంకా మచ్చ పడలేదు.

మాట సరైనదైనా వాక్యం గాయం చేయగలదు. ‘మీరు ఆలస్యంగా వస్తారు’ అనే వాక్యం తీసుకోండి. వ్యాకరణంలో తద్ధర్మం అనే మాట ఉంది. ఒకరి అలవాటును, స్వభావాన్ని చెప్పే క్రియారూపం అది. నేటి తెలుగులో ఆ రూపమూ భవిష్యత్తును చెప్పే రూపమూ ఒక్కటే, ‘వస్తారు’. అందుకే ఆ వాక్యం వినేవాడికి ‘నీ స్వభావమే అంత, రేపూ ఇంతే’ అని రెండు దెబ్బలు తగులుతాయి. ‘గత నెలలో నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చారు’ అనండి. జరిగినదాన్ని భూతకాలంలో చెబితే అది అక్కడితో ఆగుతుంది. ‘నిర్లక్ష్యంగా చేస్తారు’ బదులు ‘మూడు జాయింట్లు మళ్లీ వెల్డింగ్ చేయాల్సి వచ్చింది’. సూపర్‌వైజర్లకు ఈ ఒక్క తేడా నేర్పగలిగితే సగం టెన్షన్ తగ్గుతుంది.

మెత్తదనానికీ హద్దుంది. ‘ఇలా చేస్తే బాగుంటుంది’ అనేది మన మర్యాద. వయసులో చిన్నవాడైన సూపర్‌వైజర్ పెద్దాయనతో చెప్పాల్సి వచ్చినప్పుడు ‘మీరు’, ‘అండి’తో పాటు ఇదీ కావాలి. కానీ వెల్డింగ్ చేసేటప్పుడు ముఖానికి షీల్డు పెట్టుకోమని చెప్పడానికి ‘పెట్టుకుంటే బాగుంటుంది’ సరిపోదు. అక్కడ ‘పెట్టుకోవాలి’ తప్ప ఇంకో మాట లేదు. అవతలివైపు ‘అలాగేనండి’ని కూడా నమ్మేయకండి. చాలాసార్లు ఆ మాటకు ఒప్పుకున్నానని కాదు, ఈ సంభాషణ అయిపోతే బాగుండునని అర్థం. ఫారంలో చివర ‘మీ మాట’ అని ఒక పెద్ద గడి ఖాళీగా వదలండి. సంతకం దాని కింద ఉండాలి గాని, సూపర్‌వైజర్ రాసినదాని కింద కాదు.

ఇక ‘బాగానే ఉంది’. ‘బాగుంది’ మెచ్చుకోలు. మధ్యలో ‘నే’ చేరగానే ఇంతమాత్రం వస్తుందని అనుకోలేదనో, వెనక ఒక ‘కానీ’ ఉందనో వినిపిస్తుంది. నా చదువు రోజుల్లో మొదటి వ్యాసం మీద మా గురువుగారు ఎర్రసిరాతో ఈ రెండు మాటలే రాసి ఇచ్చారు. ఆ ‘కానీ’ ఏమిటో తెలియక ఆ రాత్రంతా వ్యాసం తిరగేస్తూ కూర్చున్నాను. ఆయన ఉద్దేశం మెచ్చుకోవడమేనని తర్వాత తెలిసింది. ‘పర్లేదు’ కూడా ఇలాంటిదే. పర్వా అనే ఫార్సీ మాటకు ‘లేదు’ కలిపి చేసుకున్నాం, చింత లేదని అర్థం. నోటితో నవ్వుతూ అంటే ప్రోత్సాహం. కాగితం మీద గొంతు ఉండదు కాబట్టి, పాస్ మార్కులు వేసినట్టు ఉంటుంది.

మీ సూపర్‌వైజర్‌తో కొత్త కాగితం రాయించాల్సిన పని లేదు. ఆయన ‘నే’ ఒక్కటి కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెడితే ‘బాగా ఉంది’ అని మిగులుతుంది. దాని ముందు ఏ పని బాగుందో రెండు మాటలు చేర్చమనండి. వెల్డర్ గారికి మాత్రం కొత్త ఫారం మీరే తీసుకెళ్లి, ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనదేనని చెప్పి ఇవ్వండి.