గ్యాస్ బిళ్ళ ఎన్నాళ్ళు?

జీర్ణకోశ సమస్యల మీద ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని కుదించి ఇచ్చి, వాటికి ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. ఉత్తరం రాసిన నలుగురి ఇళ్ళలోనూ జబ్బుకు ఒక పేరు ముందే పడిపోయి ఉంది. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు అమీబియాసిస్ అన్నారు, ఒకరు పళ్ళు రావడం అన్నారు, ఒకరు వేడి అన్నారు. ఆ పేరు సరైనదా కాదా అని ఎవరూ చూడకుండానే నెలలూ ఏళ్ళూ గడిచిపోవడం నన్ను చాలా బాధించింది. అందుకే మందుల కన్నా ముందు ఆ పేర్ల సంగతి తేల్చవలసి వచ్చింది.

ప్రశ్న: నా వయసు 52. గుంటూరు జిల్లాలో కిరాణా దుకాణం నడుపుతున్నాను. నాలుగేళ్ళుగా రోజూ ఉదయం పాంటోప్రజోల్ 40 బిళ్ళ వేసుకుంటున్నాను. రెండు రోజులు మానేస్తే ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు రెట్టింపవుతున్నాయి. మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చే బిళ్ళలు కూడా వారానికి మూడు నాలుగు సార్లు వాడతాను. కారం పూర్తిగా మానేశాను. ఈ గ్యాస్ జన్మంతా ఉండేదేనా?

జవాబు: మీ ఉత్తరంలో గ్యాస్ అన్న మాట ఏడు సార్లు వచ్చింది గానీ, మీరు చెప్పిన లక్షణాలు గాలికి సంబంధించినవి కావు, ఆమ్లానికి సంబంధించినవి. మనం మింగే గాలి, పేగుల్లో ఆహారం పులిసినప్పుడు పుట్టే వాయువు అసలైన గ్యాస్, దాని మీద పాంటోప్రజోల్ పనిచేయదు. జీర్ణాశయపు గోడలోని కణాల నుంచి ఆమ్లాన్ని బయటకు తోసే వ్యవస్థను ఆపడమే ఆ మందు చేసే పని. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఉన్నాయంటే జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతోందని అర్థం. దానితో పాటు లోపల పుండు కూడా ఉందేమో చూడవలసిన కారణాలు మీ విషయంలో రెండున్నాయి.

మొదటిది మోకాళ్ళకు వాడుతున్న బిళ్ళలు. మెడికల్ షాపుల్లో సాధారణంగా ఇచ్చేవి డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి. నొప్పిని తగ్గించే క్రమంలోనే ఇవి జీర్ణాశయపు లోపలి పొరను కాపాడే రసాయనాలను కూడా తగ్గించి, పుండుకు దారి తీస్తాయి. ఒక చేత్తో పుండు పడే మందు, మరో చేత్తో పుండు మాన్పే మందు నాలుగేళ్ళు మింగడం కన్నా, మోకాళ్ళకు ఎముకల వైద్యుణ్ణి కలిసి, తొడ కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామాలు నేర్చుకుని, తప్పనప్పుడు పారాసెటమాల్‌తో సరిపెట్టుకోవడం మేలు.

రెండవది హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. కడుపులో పుండు దిగులు వల్ల, కారం వల్ల వస్తుందని వైద్యులు కూడా చాలాకాలం నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ ఈ బాక్టీరియాను పట్టుకున్నా నమ్మినవారు తక్కువే. చివరికి 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను పెంచిన ద్రవాన్ని తానే తాగి, కొద్ది రోజుల్లో తన జీర్ణాశయం వాచిపోవడాన్ని ఎండోస్కోపీ, అంటే నోటి నుంచి గొట్టం పంపి లోపల చూసే పరీక్ష ద్వారా చూపించారు. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో చాలామంది కడుపుల్లో ఈ బాక్టీరియా ఏ బాధా కలిగించకుండా ఉంటుంది, కొందరిలో మాత్రం పుండుకు, అరుదుగా క్యాన్సర్‌కు కారణమవుతుంది. మీ వయసునూ, బాధ నాలుగేళ్ళుగా ఉండడాన్నీ బట్టి చూస్తే ఒకసారి ఎండోస్కోపీ చేయించుకుని, అందులోనే ఈ బాక్టీరియా పరీక్ష కూడా అడగడం సబబని నా అభిప్రాయం. పరీక్షకు ముందు రెండు వారాలు పాంటోప్రజోల్‌ను, నాలుగు వారాలు యాంటీబయాటిక్‌లను ఆపాలి. లేకపోతే బాక్టీరియా ఉన్నా లేనట్టు ఫలితం రావచ్చు. ఆ రోజుల్లో మంటకు యాంటాసిడ్ ద్రవం వాడుకోవచ్చు. బాక్టీరియా ఉందని తేలితే ఆమ్లాన్ని తగ్గించే మందుతో పాటు రెండు లేక మూడు మందులు కలిపి సాధారణంగా 14 రోజులు ఇస్తారు. నాలుగో రోజుకే మంట తగ్గిందని మానేస్తే బాక్టీరియా ఆ మందులకు లొంగకుండా తయారవుతుంది. కోర్సు ముగిసి కనీసం నాలుగు వారాలైన తరువాత అది పూర్తిగా పోయిందో లేదో మళ్ళీ పరీక్షించి తీరాలి. ఈ చివరి మెట్టును చాలామంది వదిలేస్తున్నారు.

బిళ్ళ మానగానే మంట ఎందుకు రెట్టింపవుతుందని అడిగారు. ఆమ్లాన్ని నెలల తరబడి అణచి ఉంచినప్పుడు శరీరం దాన్ని పెంచే హార్మోనును ఎక్కువగా తయారు చేస్తుంది. మందును ఒక్కసారిగా ఆపితే కొన్ని వారాల పాటు ఆమ్లం మామూలు కన్నా ఎక్కువగా ఊరుతుంది. దీన్ని చూసే చాలామంది తమకు ఈ బిళ్ళ జన్మంతా తప్పదని అనుకుంటారు. పరీక్షల్లో పుండు గానీ, అన్నవాహికలో పెద్ద దెబ్బ గానీ కనిపించకపోతే, వైద్యుల సలహాతో 40 నుంచి 20కి, తరువాత రోజు విడిచి రోజుకు, ఆ తరువాత అవసరమైనప్పుడు మాత్రమే అన్నట్టుగా తగ్గించుకుంటూ రావచ్చు. అయితే గుండెకు స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవారికి ఈ బిళ్ళ రక్షణ కోసం ఇస్తారు. వారు ఇది చదివి సొంతంగా మానకూడదు. వాడినన్నాళ్ళూ ఈ బిళ్ళను తినడానికి అరగంట ముందు వేసుకోవాలి, భోజనం తరువాత వేసుకుంటే అంత బాగా పనిచేయదు.

రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండేలా చూసుకోండి. దుకాణం మూసి పదిన్నరకు తిని పదకొండుకు పడుకుంటున్నానని రాశారు, మీ మంటలో పెద్ద భాగం అక్కడే ఉంది. మంచం తలవైపు కోళ్ళ కింద ఆరు అంగుళాల చెక్క పెట్టండి, నడుము కొలత తగ్గించండి. కారం పుండును పుట్టించదు. ఉన్న మంటను మాత్రం రేపుతుంది కాబట్టి, మంట తగ్గాక గుంటూరులో ఉంటూ జీవితాంతం చప్పిడి తినవలసిన అవసరం లేదు.

ఒక్క మాట ఈ శీర్షిక చదివే ప్రతి ఇంటికీ చెప్పాలి. నడుస్తున్నప్పుడు ఛాతీ మధ్యలో బరువుగా పట్టేసినా, చెమటలు పట్టినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా దాన్ని గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేసి ఈసీజీ తీసే ఆసుపత్రికి చేరండి. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో గుండెపోటు ఒట్టి కడుపు ఉబ్బరంలాగానో, వికారంలాగానో కూడా రావచ్చు. అలాగే మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలం తారులాగా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా ఎండోస్కోపీని వాయిదా వేయకూడదు.

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్ళుగా ఉదయం ఆఫీసుకు బయలుదేరే లోపు మూడు నాలుగు సార్లు బాత్‌రూముకు వెళ్ళవలసి వస్తోంది. వెళ్ళాక కడుపు నొప్పి తగ్గుతుంది, కొన్నిసార్లు జిగట పడుతుంది. అమీబియాసిస్ అని చెప్పి ఆరుసార్లు మెట్రోనిడజోల్ ఇచ్చారు. రక్త పరీక్షలు, కొలనోస్కోపీ (పెద్ద పేగును లోపల గొట్టంతో చూసే పరీక్ష) అన్నీ బాగున్నాయి. బరువు తగ్గలేదు. మా అమ్మ గ్రహణి అంటుంది. ఇది ఏమిటి?

జవాబు: మలపరీక్షలో అమీబా కనిపించకుండా ఆరుసార్లు ఆ మందు ఇవ్వడం సరికాదు. జిగట పడినంత మాత్రాన అమీబియాసిస్ అనలేము. మీ లక్షణాలు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌కు, అంటే ఐబీఎస్‌కు సరిపోతున్నాయి. గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపు నొప్పి ఉండి, అది మలవిసర్జనతో ముడిపడి ఉండడం, ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది మారడం, మలం గట్టిదనం మారడం అనే మూడింటిలో కనీసం రెండు ఉండడం, ఇదంతా మొదలై కనీసం ఆరు నెలలు కావడం దీన్ని గుర్తించే ప్రమాణాలు. పరీక్షలన్నీ బాగున్నాయంటే బాధ కల్పితమని కాదు. పేగులోని నరాలు మామూలు కదలికను కూడా నొప్పిగా మెదడుకు చేరవేస్తాయి, మెదడులోని ఆందోళన తిరిగి పేగు కదలికను పెంచుతుంది. కొందరిలో ఇది ఒక తీవ్రమైన విరేచనాల జబ్బు తగ్గిన తరువాత మొదలవుతుంది. ఇది క్యాన్సర్‌గా మారదు.

ముందుగా ఉదయం పాలు, కాఫీ, టీలను రెండు వారాలు ఆపి చూడండి. మన ప్రాంతంలో పెద్దయ్యాక పాలలోని చక్కెర అరగనివారు చాలామంది ఉన్నారు, వారికి పెరుగు మాత్రం సాధారణంగా పడుతుంది. ఇసబ్‌గోల్‌ను అర చెంచాతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. అప్పటికీ తగ్గకపోతే పేగుల్లో త్వరగా పులిసే ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, కొన్ని పప్పులు, కొన్ని పండ్లను నాలుగు నుంచి ఆరు వారాలు ఆపి, తరువాత ఒక్కొక్కటిగా తిరిగి చేర్చి, ఏది పడటం లేదో కనిపెట్టే పద్ధతి ఉంది. మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయం దీన్ని రూపొందించింది. దీన్ని ఆహార నిపుణుల పర్యవేక్షణలోనే చేయాలి. ఉల్లి, పప్పు లేని తెలుగు భోజనం ఎన్నాళ్ళో సాగదు, సాగకూడదు కూడా. మందుల్లో మెబెవెరిన్, పిప్పర్‌మెంట్ నూనె గుళికలు కడుపులో పట్టివేతను తగ్గిస్తాయి. అమిట్రిప్టిలిన్‌ను చాలా తక్కువ మోతాదులో ఇస్తే అది పేగు నరాల మీద పనిచేస్తుంది. దిగులుకు వాడే మందు రాశారని చీటీని పక్కన పడేయకండి.

మీ అమ్మగారి మాటను తేలిగ్గా తీసుకోను. గ్రహణి అని పెద్దలు పిలిచిన వాటిలో పేగులు పోషకాలను పీల్చుకోలేక మనిషి ఎండిపోయే జబ్బులు ఉండేవి. వాటిలో ఒకటైన స్ప్రూ వ్యాధి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులను బలితీసుకుంది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో తయారైన ఫోలిక్ ఆమ్లం తరువాత ఆ వ్యాధి చికిత్సలోనే చేరింది. మీకు బరువు తగ్గలేదు, రక్తహీనత లేదు కాబట్టి ఆ అనుమానం ఇప్పుడు అక్కర్లేదు. అయితే రాత్రి నిద్రలో లేచి వెళ్ళవలసి రావడం, జ్వరం, రక్తం పడడం, బరువు తగ్గడం వీటిలో ఏది మొదలైనా అది ఐబీఎస్ కాకపోవచ్చు. పేగు క్షయ, పేగులు దీర్ఘకాలం వాచి ఉండే క్రోన్స్ వ్యాధి రెండూ మన దగ్గర ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి, రెండింటికీ చికిత్స పూర్తిగా వేరు కాబట్టి బయాప్సీతో, అంటే పేగు నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షతో తేల్చుకోవాలి.

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లా నుంచి రాస్తున్నాను. మా మనవరాలికి 11 నెలలు. రెండు రోజులుగా నీళ్ళ విరేచనాలు. పళ్ళు వస్తున్నాయి కాబట్టి మామూలేనని, పాలు ఆపమని చుట్టుపక్కలవాళ్ళు అంటున్నారు. షాపులో తియ్యటి ఓఆర్‌ఎస్ డబ్బా ఇచ్చారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, పళ్ళు రావడం వల్ల నీళ్ళ విరేచనాలు కావు. ఆ వయసులో బిడ్డ దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం వల్ల సూక్ష్మక్రిములు చేరతాయి, అదే సమయానికి పళ్ళు వస్తాయి, అంతే. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపవద్దు, మెత్తటి అన్నం, పప్పు కూడా కొద్దికొద్దిగా పెడుతూనే ఉండండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న ఓఆర్‌ఎస్ పొడి పొట్లాన్నే కొనండి. ఎంత నీటిలో కలపాలో దాని మీద ఉంటుంది, పెద్ద పొట్లం సరిగ్గా ఒక లీటరుకు. కాచి చల్లార్చిన నీటిలో పొట్లం మొత్తం ఒకేసారి కలిపి, 24 గంటలు దాటితే పారబోయండి. ప్రతి విరేచనం తరువాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ నెమ్మదిగా ఇవ్వండి. జింకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజుల పాటు, విరేచనాలు తగ్గిన తరువాత కూడా ఇవ్వాలి. ఆశ కార్యకర్తను అడిగితే ఈ రెండూ దొరుకుతాయి.

ఆ తియ్యటి డబ్బాను మాత్రం పక్కన పెట్టండి. చక్కెర ఎక్కువైతే పేగులోకి నీరు ఇంకా చేరి విరేచనాలు పెరుగుతాయి. ఇలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు ఉండకూడదని హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటితోనే కలరా రోగులను బతికించారు. సరైన పాళ్ళలో కలిపినప్పుడే గ్లూకోజు ఉప్పునూ, దానితో నీటినీ పేగులోంచి రక్తంలోకి తీసుకెళ్తుంది. ఆ పాళ్ళే దాని బలం.

బిడ్డ మగతగా ఉన్నా, కళ్ళు లోతుకు పోయినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పిల్లల్లో నీళ్ళ విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కు టీకా చుక్కలు వేయించారో లేదో టీకా కార్డులో చూడండి. జాతీయ టీకా కార్యక్రమంలో 2016లో దాన్ని మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ప్రశ్న: నాకు 49 ఏళ్ళు, కరీంనగర్. ఐదు నెలలుగా మలంతో రక్తం పడుతోంది, నొప్పి లేదు. వేడి చేసిందని మజ్జిగ తాగుతున్నాను. మొలలకు ఇంజెక్షను చేసే ఒక క్లినిక్కుకు వెళ్ళమంటున్నారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. మగ డాక్టరుకు చూపించుకోవడానికి సిగ్గుగా ఉంది.

జవాబు: మజ్జిగ మంచిదే గానీ రక్తం పడడాన్ని అది ఆపదు. నొప్పి లేకుండా ఎర్రటి రక్తం పడడం మొలల వల్లే కావచ్చు. అదే నిజమైతే తొలి దశల్లో ఇసబ్‌గోల్, నీళ్ళు, ముక్కకపోవడం, అవసరమైతే రబ్బరు బ్యాండు వేయడంతో తగ్గుతుంది. అయితే పెద్ద పేగులోని కణితి కూడా ఇదే విధంగా మొదలవుతుంది, పైనుంచి చూసి ఎవరూ తేడా చెప్పలేరు. 45 దాటిన మీకు కొలనోస్కోపీ అవసరం. అర్హత లేనివారు చేసే ఇంజెక్షన్ల వల్ల చీము పట్టి, మలద్వారం మూసుకుపోయే స్థితి కూడా రావచ్చు, అక్కడికి వెళ్ళకండి. కొలనోస్కోపీకి ముందు రోజు ద్రవాహారం తీసుకుని పేగు శుభ్రమయ్యే మందు తాగాలి. పరీక్ష మత్తులో సుమారు అరగంట పడుతుంది. క్యాన్సర్‌గా మారగల చిన్న బుడిపెలు కనిపిస్తే అప్పుడే తీసివేస్తారు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మహిళా సర్జన్లు కూడా ఉంటారు, మహిళా వైద్యురాలే చూడాలని ఓపీ చీటీ తీసుకునేటప్పుడే అడగండి. అదే రోజు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి, ఐదు నెలలుగా పోతున్న రక్తం మెట్లెక్కేటప్పుడు మీకు వస్తున్న ఆయాసానికి కారణం కావచ్చు.