తలుపు మీద 30.06 బోర్డు, నడుముకు పిస్టల్

ప్రశ్న: టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాను. గ్రీన్ కార్డ్ ఉంది, గన్ పెట్టుకుని తిరిగే ఎల్‌టీసీ లైసెన్సూ ఉంది. మొన్న శనివారం చొక్కా కింద పిస్టల్‌తో ఒక ఇండియన్ గ్రోసరీకి వెళ్లాను. బయటికొచ్చాక తలుపు పక్కన, గన్ దాచిపెట్టుకుని లోపలికి రావద్దని చెప్పే 30.06 బోర్డు ఉందని మా ఆవిడ చూపించింది. గన్ ఎవరూ చూడలేదు, ఎవరూ ఏమీ అనలేదు. కేసవుతుందా? ఇకపై ఇలాంటి చోట్ల గన్‌ని హెచ్-1బీ మీదున్న మా బావమరిది చేతికిచ్చి కారులో కూర్చోమంటే సరిపోతుందా?

జవాబు: ముందు రెండో ప్రశ్న సంగతి చూద్దాం, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆ పని అస్సలు చేయకండి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి గానీ, మీ బావమరిదికి అలాంటిదేమీ ఉన్నట్టు మీరు రాయలేదు. గన్ డాష్‌బోర్డు అరలో ఉందని తెలిసిన మనిషికి కారు తాళాలు ఇచ్చి వెళ్లినా, అది అతని దగ్గర ఉన్నట్టే లెక్క కట్టొచ్చు. షూటింగ్ రేంజ్‌లో అద్దె గన్‌తో ఫొటోలు దిగి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే మన కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు టెన్షనే.

ఇప్పుడు మీ విషయం. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి చాలామందికి గన్ పెట్టుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు. అయినా ఎవరి దుకాణంలోకి గన్ రావాలో వద్దో తేల్చేది ఆ దుకాణం వాళ్లే. అందుకు టెక్సాస్ నేర చట్టంలో మూడు సెక్షన్లున్నాయి: లైసెన్స్ లేనివాళ్లను ఆపడానికి 30.05, లైసెన్స్ ఉండి పైకి కనపడేలా పెట్టుకున్నవాళ్లకు 30.07, మీలా దాచిపెట్టుకున్నవాళ్లకు 30.06. అంటే ఆ బోర్డు సరిగ్గా మీ కోసమే. గన్ ఎవరికీ కనపడలేదన్న మాట ఇక్కడ పనికిరాదు, ఆ సెక్షన్ పుట్టిందే కనపడని గన్ కోసం.

అయితే బోర్డు కూడా చట్టం చెప్పినట్టు ఉండాలి. చట్టంలో ఉన్న వాక్యాలే ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తు అక్షరాలతో, వెనక రంగులో కలిసిపోకుండా, అందరికీ స్పష్టంగా కనపడే చోట ఉండాలి. గన్ బొమ్మ మీద ఎర్రగీత కొట్టిన స్టిక్కర్ ఒక్కటీ 30.06 నోటీసు కాదు. మన గ్రోసరీ తలుపుల సంగతి తెలిసిందేగా: దీపావళి సేల్, కచేరీ టికెట్లు, గది అద్దెకు, అన్నీ అక్కడే. వాటి వెనక బోర్డు సగం దాగి ఉంటే మీ తరఫున వాదించడానికి చోటుంటుంది. ఎదురుగా కనపడేలా ఉండి మీరు ఫోన్ చూసుకుంటూ దాటేసి ఉంటే మాత్రం కష్టమే.

శిక్ష చిన్నదే, క్లాస్ సీ మిస్‌డిమీనర్ (చిన్న నేరాల్లో అన్నిటికన్నా కింది తరగతి), 200 డాలర్ల లోపు ఫైన్. నోటితో బయటికి వెళ్లమన్నా కదలకపోతే వాటిలో పై తరగతి, క్లాస్ ఏ అవుతుంది. అప్పుడు ఏడాది దాకా జైలు, 4000 డాలర్ల దాకా ఫైన్. చెప్పిన వెంటనే వెళ్లిపోతే, 2019లో వచ్చిన సవరణ ప్రకారం అది మీకు రక్షణ. కాబట్టి ఎవరైనా అడిగితే అక్కడ రాజ్యాంగం గురించి ఉపన్యాసం ఇవ్వకండి. సామాను అక్కడే వదిలేసి వచ్చేయండి.

మొన్నటి దానికి ఫిర్యాదు లేదు, పోలీసులు రాసిచ్చే జరిమానా టికెట్ లేదు, కాబట్టి ఈ రోజుకి కేసు లేదు. ఎప్పుడైనా టికెట్ వస్తే మాత్రం పోయేది 200 డాలర్లేగా అని పోస్టులో కట్టేయకండి. టెక్సాస్‌లో అలా కట్టడమంటే నేరాన్ని కాదనడం లేదని ఒప్పుకున్నట్టే, శిక్ష పడినట్టు రికార్డవుతుంది. గన్‌కి సంబంధించిన శిక్ష గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లను డిపోర్ట్ చేయడానికి కారణం కావచ్చని ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఉంది. ఈ సెక్షన్ ఆ కిందికి వస్తుందని ప్రభుత్వం వాదించే అవకాశాన్ని నేనైతే తేలిగ్గా తీసుకోను. డిఫర్డ్ (షరతులు పాటిస్తే కేసు కొట్టేసే ఏర్పాటు) ఇచ్చారని సంబరపడకండి, నేరం ఒప్పుకుని తీసుకుంటే ఇమ్మిగ్రేషన్ వాళ్ల దృష్టిలో అదీ శిక్షే. క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమ్మిగ్రేషన్ లాయర్‌నీ కలిశాకే కోర్టుకు జవాబివ్వండి.

ఇంకొకటి. పౌరసత్వానికి పెట్టే ఎన్-400 ఫారంలో, అరెస్టు కాకపోయినా నేరమేదైనా చేశారా అని అడుగుతారు. అక్కడ టిక్ పెట్టే ముందు ఈ శనివారం సంగతి మీ లాయర్‌కి చెప్పండి.