సమాధానం: మూడో తరగతి బాబు, చదవమంటే పుస్తకం విసిరేస్తున్నాడు

అక్కా, కావలిలో మీ ఎనిమిదేళ్ల బాబు చదవమంటే పుస్తకం విసిరికొడుతున్నాడన్నారు కదా, పొగరనుకోవద్దు. అక్షరాలు పట్టుబడని పిల్లలు తప్పించుకోడానికీ అలా చేస్తారు. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. తర్వాత నెల్లూరులో దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సీఆర్‌సీలో సైకాలజిస్టుకు చూపించండి. నోట్‌బుక్కులు, పాత మార్కుల కార్డులు పట్టుకెళ్లండి. తెలుగులోనూ చదివించి చూడమనండి, ఇంగ్లీషు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది.

ఈలోగా రెండు వారాలు ఒక నోట్సులో రాయండి: గొడవకు ముందేం జరిగింది, వాడేం చేశాడు, మీరేం చేశారు. కిటుకంతా ఆ మూడోదాంట్లోనే. ఏడిస్తే ఫోన్ ఇస్తున్నారా? మానేస్తే మొదట్లో ఏడుపు పెరుగుతుంది. అప్పుడు జేజి జాలిపడి ఇచ్చిందంటే, ఇంకా గట్టిగా ఏడవాలని నేర్పినట్టే. చదువు ఒక విడతకు పది నిమిషాలు చాలు.

మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) టీచర్లనూ కలవండి.