బీఏఎంఎస్ చదివితే ఇంగ్లీషు మందులు రాయొచ్చా?

ప్రశ్న: సార్, నేను భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగిని. మా బిడ్డ రెండుసార్లు నీట్ రాసింది. ఎంబీబీఎస్‌లో కన్వీనర్ సీటు వచ్చే ర్యాంకు కాదు. బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) గానీ బీహెచ్‌ఎంఎస్ (హోమియో డిగ్రీ) గానీ వచ్చేలా ఉంది. మా తోడల్లుడిది కాళేశ్వరం. గోదావరి అవతల సిరొంచ వైపు బీఏఎంఎస్ డాక్టర్లు క్లినిక్ పెట్టి ఇంగ్లీషు మందులే రాస్తున్నారు, నువ్వెందుకు భయపడతావు అంటున్నాడు. ఇక్కడ కూడా అట్లా రాయొచ్చా? రాయొచ్చంటే చేర్పిస్తాను. లేదంటే ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ పెట్టించాలా, బీఎస్సీ నర్సింగ్‌లో వేయాలా? బిడ్డ ఏమీ అనడం లేదు. మీ ఇష్టం డాడీ అంటోంది.

జవాబు: ముందు మీ తోడల్లుడి సంగతి తేల్చేద్దాం. ఆయన చెప్పేది ఉత్త మాట కాదు. కానీ ఆయన చూసింది వంతెనకు అవతలి పక్క, అంటే వేరే రాష్ట్రం. ఆ సంగతి మీ ఉత్తరంలో పడలేదు.

1945 నాటి డ్రగ్స్ నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. ఆయుర్వేదం లాంటి పద్ధతుల్లో రిజిస్టరైన వాళ్లను కూడా ఆధునిక మందులు రాసేవాళ్లుగా రాష్ట్ర ప్రభుత్వం కావాలనుకుంటే ప్రకటించవచ్చు. దీని మీద గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1998లో కోర్టు తేల్చింది ఏమిటంటే, చేతిలో డిగ్రీ ఉన్నంత మాత్రాన ఈ హక్కు రాదు, రాష్ట్రం ఉత్తర్వు ఇచ్చినచోట, అక్కడి చట్టం ఒప్పుకున్నంత వరకే వస్తుంది అని. మహారాష్ట్ర అలాంటి ఉత్తర్వులు ఇచ్చింది. సిరొంచ మహారాష్ట్ర. అక్కడి కాగితం ఇవతల కాళేశ్వరంలో చెల్లదు. భూపాలపల్లిలో, హన్మకొండలో అంతకన్నా చెల్లదు.

కాబట్టి ఏ కాలేజీ ఏజెంటో, ఏ కన్సల్టెన్సీ వాళ్లో ‘మన దగ్గర కూడా రాయొచ్చు సార్, అందరూ రాస్తున్నారు’ అంటే ఒక్కటే అడగండి. జీవో నంబరు చెప్పమనండి. అందరూ రాయడం జీవో కాదు.

ఇది ఉత్త కాగితాల పట్టింపు అనుకోకండి. హోమియోలో రిజిస్టరైన ఒక డాక్టరు జ్వరం వచ్చిన మనిషికి ఇంగ్లీషు మందులు ఇచ్చాడు. మొదట వైరల్ అనుకున్నాడు, తర్వాత టైఫాయిడ్ అనుకున్నాడు. ఆ మనిషి చనిపోయాడు. 1996లో సుప్రీంకోర్టు దీన్ని నిర్లక్ష్యంగానే తేల్చి 3 లక్షల పరిహారం వేసింది. తాను చదవని పద్ధతిలో వైద్యం చేసేవాణ్ని నకిలీ వైద్యుడిగానే చూడాలని కూడా అంది. ఇప్పుడు 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ఉంది. ఆ చట్టం కింద ఉండే డాక్టర్ల రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆధునిక వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదంటే రెండూ. మీ తోడల్లుడు మీకు ధైర్యం చెప్పాడు సరే, కేసైతే ఠాణాకు పోవలసింది మీ బిడ్డ.

ఇదే ప్రశ్న నాకు ప్రతి ఏడూ నీట్ ఫలితాలు రాగానే వస్తుంది. ములుగు నుంచి వస్తుంది, మంచిర్యాల నుంచి వస్తుంది. ఊరు మారుతుంది, తోడల్లుడికి బదులు బావమరిది ఉంటాడు. నిజం చెప్పాలంటే, చాలా ఏళ్ల కింద నేనూ ఒకరిద్దరికి ‘బీఏఎంఎస్ చేయించండి, ఎట్లాగూ అన్నీ రాసుకుంటారు’ అని చెప్పాను. తప్పు చెప్పాను. అందులో ఒక అబ్బాయి తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నైట్ డ్యూటీ డాక్టరుగా చేరాడు. రాత్రంతా సెలైన్లు, ఇంజెక్షన్లు అతనే చూడాలి. కేస్ షీటు మీద సంతకం మాత్రం పొద్దున వచ్చే పెద్ద డాక్టరుది. జీతం ఎంబీబీఎస్ వాళ్లకిచ్చే దాంట్లో సగం కూడా కాదు. ఒక రాత్రి పేషెంటుకు సీరియస్ అయితే యాజమాన్యం అతన్ని ముందుకు నెట్టి ‘ఇతను మా డాక్టరే కాదు’ అంది. వారం రోజులు ఫోన్ ఆపేసుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఆ తర్వాత నేను ఆ సలహా ఎవరికీ ఇవ్వలేదు.

మరి ఇలాంటి అనుమతి అసలు ఇవ్వాలా వద్దా అంటే, నాదీ ఒక అభిప్రాయం ఉంది. ఏటూరునాగారం దాటి లోపలి గూడేల్లోకి పోతే రాత్రి పదింటికి జ్వరమొచ్చిన పిల్లవాడికి దొరికేది ఆర్‌ఎంపీ ఒక్కడే. ఐదున్నరేళ్లు చదివినవాళ్లను ఆపి, ఏమీ చదవని మనిషి చేత సూది వేయించడం ఏం న్యాయమని బీఏఎంఎస్ పిల్లలు అడుగుతారు. అందులో బలముంది. ఆర్‌ఎంపీకి కూడా ఆ హక్కు లేదన్నది నిజమే గానీ, అది వాళ్ల ప్రశ్నకు పూర్తి జవాబు కాదు. పక్కా శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, ఫలానా ముప్పై నలభై మందులే రాయాలి, మిగతావాటికి పైకి పంపాలి అని గీత గీస్తే నేను ఒప్పుకుంటాను. గీత లేకుండా ఒప్పుకోను. మన దగ్గర వానాకాలం డెంగీ మీకు తెలియంది కాదు. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ సూది వేస్తే డెంగీ ఉన్న మనిషికి రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఎంబీబీఎస్‌లో ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) ఒక పూర్తి సబ్జెక్టు, ఆ తర్వాత వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి లాంటి చోట వార్డులో సీనియర్ వెనకాల నిలబడి మోతాదులు నేర్చుకోవాలి. బీఏఎంఎస్‌లో శరీర నిర్మాణం, రోగ నిర్ధారణ ఆధునికంగానూ చెప్తారు. ఈ వార్డు అనుభవం మాత్రం అంతగా దొరకదు.

అయితే ఇది నా అభిప్రాయం. చట్టం నా అభిప్రాయం కోసం ఆగదు, మీ బిడ్డ కోర్సు అయ్యేదాకా కూడా ఆగదు. 2017లో పార్లమెంటులో పెట్టిన మెడికల్ కమిషన్ బిల్లులో ఆయుష్ (ఆయుర్వేదం, హోమియో లాంటి పద్ధతులు) వాళ్లకు ఆధునిక మందులు రాయడానికి బ్రిడ్జి కోర్సు అన్నారు. ఆ మాట నమ్మి ఎంతమంది చేరారో! డాక్టర్ల సంఘాలు రోడ్డెక్కాయి, 2019లో చట్టం అయ్యేసరికి ఆ ముక్క ఎగిరిపోయింది. మహారాష్ట్రలో హోమియో వాళ్లకు ఏడాది ఫార్మకాలజీ కోర్సు పెట్టి 2014లో చట్టం సవరించారు, అది ఇప్పటికీ కోర్టుల్లో, సమ్మెల్లో నలుగుతోంది. 2020లో ఆయుర్వేదంలో 58 రకాల సర్జరీలకు అనుమతి అన్న వార్త చూసి కూడా చాలామంది నాకు ఫోన్ చేశారు. అది శల్య (శస్త్రచికిత్స), శాలాక్య (కన్ను, చెవి, ముక్కు లాంటివి) విభాగాల్లో పీజీ చేసినవాళ్లకు. బీఏఎంఎస్ అయిపోగానే ఎవరూ కత్తి పట్టుకోరు.

ఇక మీతో కొంచెం గట్టిగానే మాట్లాడాలి, ఏమనుకోకండి. మీరు రాసినదాంట్లో తోడల్లుడి మాట ఉంది, ర్యాంకు ఉంది, సిరొంచ ఉంది. బిడ్డ గురించి చివర్లో ఒక ముక్క. ‘మీ ఇష్టం డాడీ’ అన్న పిల్ల ఒప్పుకున్నట్టు కాదు సార్, అలసిపోయినట్టు. రెండేళ్లు హాస్టల్ గదిలో బయాలజీ బిట్లు చేసి వచ్చింది. మీరు అడిగింది ఆయుర్వేదం మంచిదా కాదా అని కాదు. ఆయుర్వేదం చదివి ఆయుర్వేదం చేయకుండా ఉండొచ్చా అని అడిగారు. అంటే మీకు కావలసింది బిడ్డ పేరు ముందు డాక్టర్ అన్న మాట, కాలనీలో నలుగురి ముందు అనడానికి. అది తప్పని నేననను, భూగర్భంలో దిగి సంపాదించిన మనిషికి ఆ ఆశ ఉండటంలో తప్పేముంది! కాకపోతే దాని ఖరీదు ఆమె ఐదున్నరేళ్లు.

టెన్షన్ పడకండి, దారులు మూసుకుపోలేదు. ఆమెకు ఆ వైద్యం మీద నిజంగా మనసుంటే బీఏఎంఎస్ మంచి చదువే. పీజీ చేయొచ్చు, ప్రభుత్వ ఆయుష్ డాక్టరు పోస్టులు పడతాయి, గ్రూప్స్ రాయొచ్చు, ప్రజారోగ్యంలో మాస్టర్స్ చేయొచ్చు. పల్లె దవాఖానాల్లో బీఏఎంఎస్ వాళ్లను తీసుకున్నారు, కాంట్రాక్టు ఉద్యోగమే అయినా అక్కడ ప్రభుత్వం ఇచ్చిన మందుల జాబితా ప్రకారం, పీహెచ్‌సీ డాక్టరు కింద పని చేస్తారు. పంచకర్మ సెంటర్ పెడితే లక్షలు వస్తాయన్న వీడియోల మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ. పెట్టుబడి ఎవరిది, వరంగల్‌లో అంత డబ్బు పెట్టి నెలకు ఎంతమంది వస్తారు, ఈ రెండూ ఆ వీడియోల్లో చెప్పరు. ఇంగ్లీషు వైద్యం మధ్యలోనే ఉండాలనుకుంటే నర్సింగ్ నాలుగేళ్లు, ఉద్యోగం తొందరగా దొరుకుతుంది, దాన్ని తక్కువగా చూసేది మనమే. మూడోసారి లాంగ్ టర్మ్ సంగతి ఆమె నోటితో ఆమె అడిగితేనే ఆలోచించండి. మీరు అడిగి ఒప్పించకండి.

కౌన్సెలింగ్ నోటిఫికేషన్ వచ్చేలోపు ఒక పని చేయండి. వరంగల్‌లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. ఒక రోజు ఉద్యోగానికి సెలవు పెట్టి బిడ్డను అక్కడికి తీసుకురండి. ఓపీ జరిగే టైములో రండి. డాక్టర్లు పేషెంటును ఎట్లా చూస్తున్నారో, ఏం రాస్తున్నారో చూడనివ్వండి. నాలుగో సంవత్సరం పిల్లలెవరైనా కనబడితే మాట్లాడనివ్వండి. మీరు మాత్రం బయట చాయ్ దగ్గర కూర్చోండి. లోపలికి ఆమె ఒక్కతే పోవాలి.