పాత ఫోను దానంతటదే నెమ్మదించిందా?

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం కొన్న నా ఫోను ఈ మధ్య వరకు చక్కగా పనిచేసింది. కొత్త అప్‌డేట్ వేసుకున్నప్పటి నుంచి కెమెరా తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోంది. సెల్‌ఫోన్ షాపులో చూపిస్తే, "కొత్తది కొనిపించడానికి కంపెనీవాళ్లే ఇలా చేస్తారండీ, దీనికి ఖర్చు పెట్టడం దండగ" అన్నారు. ఇది నిజమేనా? నిజమైతే అడిగే నాథుడే లేడా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ ఫోనుకు ఏమైందో చూడకుండా చెప్పడం సాధ్యం కాదు గానీ, షాపువారి మాట మాత్రం గాల్లోంచి పుట్టింది కాదు. పాత ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గించిన మాట వాస్తవమేనని ఆపిల్ సంస్థ 2017 డిసెంబరులో స్వయంగా ఒప్పుకుంది. ఎందుకు తగ్గించింది, ఆ సంగతి కొన్నవాళ్లకు ఎందుకు చెప్పలేదు అన్న రెండు ప్రశ్నలను కలిపేసి మాట్లాడుకోవడం వల్లనే ఈ వ్యవహారం మీద ఇన్ని అపోహలు మిగిలాయి.

ముందు మొదటిది చూద్దాం. ఫోన్లలో వాడే లిథియం అయాన్ బ్యాటరీ పాతబడేకొద్దీ చార్జి త్వరగా అయిపోతుందన్నది అందరికీ అనుభవమే. అంతగా కంటికి కనిపించనిది ఇంకొకటి ఉంది: బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా తెరిచినప్పుడో, గేము మొదలుపెట్టినప్పుడో ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే, ఆ నిరోధం కారణంగా వోల్టేజి పడిపోయి, తెర మీద ముప్పయి శాతం చార్జి కనిపిస్తుండగానే ఫోను ఆగిపోతుంది. ఐఫోన్ 6, 6ఎస్ వాడుతున్నవారి నుంచి 2016లో ఇలాంటి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. దానికి విరుగుడుగా 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1 అనే ఐఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో, బ్యాటరీ బలహీనపడిన ఫోన్లలో ప్రాసెసర్ గరిష్ఠ వేగానికి కళ్లెం వేశారు. ఫోను ఉన్నట్టుండి ఆగిపోవడం కన్నా కాస్త నెమ్మదిగా నడవడం మేలన్న ఆలోచనను ఇంజినీరింగ్ పరంగా తప్పు పట్టలేం.

తప్పంతా రెండో ప్రశ్న దగ్గర ఉంది. ఆ సంవత్సరమంతా వాడకందారులకు ఈ సంగతి ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. పాత 6ఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించుకున్న ఒకాయన, ఫోను వేగం మళ్లీ పెరగడం గమనించి రెడిట్ అనే ఆన్‌లైన్ చర్చా వేదికలో రాస్తే గానీ అది బయటపడలేదు. ఫోన్ల వేగాన్ని కొలిచే గీక్‌బెంచ్‌ను తయారుచేసే ప్రైమేట్ ల్యాబ్స్‌కు చెందిన జాన్ పూల్, తమ దగ్గర పోగైన ఫలితాలను తిరగేసి చూశారు. ఒకే మోడల్ ఫోన్ల ఫలితాలు దాదాపు ఒకేచోట గుమిగూడాలి, కానీ 10.2.1 తర్వాత 6ఎస్ ఫలితాలు కింది స్థాయిల్లో వేరువేరు గుంపులుగా చీలిపోయి కనిపించాయి. పాతబడి అరిగిపోయిన ఫోన్లు అలా మెట్లు మెట్లుగా నెమ్మదించవు. ఆయన ఆ చిత్రాలు ప్రచురించిన కొద్ది రోజులకే కంపెనీ ఒప్పుకుంది, నెలాఖరుకు క్షమాపణ చెప్పింది. బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు, మన దేశంలో సుమారు 6,500 రూపాయల నుంచి 2,000 రూపాయలకు, 2018 చివరి వరకు తగ్గించింది.

బ్యాటరీ మారిస్తే సరిపోతుందని తెలియని మనిషి వేలకు వేలు పోసి కొత్త ఫోను కొంటాడు. ఆ మౌనం వల్ల లాభపడింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు, కంపెనీయే చెప్పింది. 2019 జనవరిలో ఆదాయ అంచనాను తగ్గిస్తూ ఆపిల్ అధిపతిగా టిమ్ కుక్ మదుపరులకు రాసిన లేఖలో, ఐఫోన్ అమ్మకాలు మందగించడానికి చూపిన కారణాల్లో చౌకగా దొరికిన బ్యాటరీ మార్పిడి కూడా ఒకటి. కొత్తవి అమ్ముకోవడానికే వేగం తగ్గించారని దీనితో రుజువు కాదు. నిజం తెలిసినవారు కొత్తది కొనడం వాయిదా వేస్తారన్నది మాత్రం తేలిపోయింది.

అడిగే నాథుడు లేకపోలేదు. వాడకందారులకు సమాచారం ఇవ్వనందుకు ఫ్రాన్స్ 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. అమెరికాలో, తప్పు చేశామని ఒప్పుకోకుండానే, గరిష్ఠంగా 50 కోట్ల డాలర్లు చెల్లించేందుకు కంపెనీ రాజీపడింది; ఆ పరిహారం అక్కడి వాడకందారులకే పరిమితం కాబట్టి మనవాళ్లకు అందులోంచి పైసా రాలేదు. ఇక్కడ మీకున్న దారి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. బిల్లు, సర్వీస్ సెంటర్ ఇచ్చిన కాగితం దగ్గర పెట్టుకోండి. అంతకన్నా ముందు బ్యాటరీ పరిస్థితి చూపించుకోండి. ఐఫోన్లలో 2018 నుంచి సెట్టింగ్స్‌లోనే అది కనిపిస్తుంది; ఆండ్రాయిడ్‌లో అన్ని మోడళ్లలోనూ ఉండదు కనుక సర్వీస్ సెంటర్‌లో అడగాలి. స్టోరేజీ నిండిపోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. షాపువారి జోస్యం నమ్మి ఫోను పారేయవద్దు.

ప్రశ్న: ఇంత గొడవ ఎందుకు, అసలు అప్‌డేట్లే వేసుకోకుండా ఉంటే పోదా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పోదు. భద్రతా లోపాలను సరిచేసే చిన్న అప్‌డేట్లను ఆపితే నష్టపోయేది మీరే. డబ్బు లావాదేవీలన్నీ ఫోనులోనే చేస్తున్న రోజుల్లో అది మరీ ప్రమాదం. ఆలోచించవలసింది పెద్ద వెర్షన్ మార్పుల విషయంలోనే. తన నోట్ 7 ఫోను కోసం సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్‌ను పాత నోట్ 4 ఫోన్లకు కూడా వేసుకొమ్మని పోరినందుకు శాంసంగ్‌కు ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2018లో 50 లక్షల యూరోల జరిమానా వేసింది. అదే రోజు ఇలాంటి కారణాలకే ఆపిల్‌కు కోటి యూరోలు పడ్డాయి. కాబట్టి పాత ఫోనుకు పెద్ద అప్‌డేట్ వస్తే, అదే మోడల్ వాడుతున్నవారి అనుభవం తెలుసుకునే వరకు కొద్ది వారాలు ఆగండి. ఒకసారి వేసుకున్నాక, ముఖ్యంగా ఐఫోన్లలో, కొద్ది రోజులు గడిస్తే పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లే దారిని కంపెనీయే మూసేస్తుంది. నా దృష్టిలో ఇప్పుడు గట్టిగా పోట్లాడవలసింది దీని గురించే.